పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం నాకు డ్యూటీ. ఎవరో వేసింది కాదు, నేనే అడిగి వేయించుకున్నది. బందరులో నర్సుగా ఉన్నప్పుడూ, తర్వాత గుడివాడకు బదిలీ అయ్యాకా, నెలాఖరున డ్యూటీ చార్టు రాసే సిస్టరు ముందు అందరికంటే ముందు వెళ్ళి నిలబడేదాన్ని. "ఫస్ట్ సండే నాకు వేసెయ్యండి, మీరు చర్చికి వెళ్ళిరండి" అనేదాన్ని. నన్ను త్యాగమూర్తిని చేసేశారు. మా పాస్టరుగారైతే ఒకసారి ప్రసంగం మధ్యలో, రోగుల సేవే ఆరాధనగా ఎంచుకున్న సహోదరి అని మెచ్చుకున్నారట. ఆ వేళ నేను చర్చిలో లేను కాబట్టి బతికిపోయాను. ఉంటే ఏ ముఖం పెట్టుకుని కూర్చునేదాన్నో నాకే తెలీదు.

మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల. ఆ వేళ ఆడవాళ్ళందరూ తెల్లచీరలు కట్టుకుని వస్తారు. ప్రసంగం అయ్యాక రొట్టె ముక్కల పళ్ళెం వరసల వెంట వస్తుంది, దాని వెనకాలే ద్రాక్షరసం. ఒకరికి కీడు చేసి, దాన్ని సరిచేసుకోకుండా ఆ రొట్టె ముట్టుకుంటే శిక్ష కొనితెచ్చుకున్నట్టేనని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. పోనీ చర్చికి వెళ్ళి పళ్ళెం ముట్టకుండా కూర్చుందామా అంటే, మధ్యాహ్నం అన్నాల వేళకల్లా సంఘమంతా "సిస్టరుగారికి ఏమైంది?" అని మొదలుపెడుతుంది. అంచేత డ్యూటీ. నా తెల్లచీర పెట్టెలో మడత మీద మడతగా పసుపు రంగుకి తిరిగింది.

వచ్చే ఏడాది నాకు రిటైర్మెంటు. ఇక ఆ సాకు ఉండదు. ఈ కంగారు పట్టుకున్నాకే నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఇంట్లో చేసిన పనే మళ్ళీ చేయడం మొదలైంది. మా ఆయన రెండు నెలలు చూసి, "ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు? నీ గొడవ దేవుడితోనా, మనిషితోనా?" అని అడిగారు. మనిషితోనే అన్నాను. "అయితే మనిషి దగ్గరికి వెళ్ళు" అని పేపరు తిప్పుకున్నారు. ఆయనకేం, ఎంత తేలిగ్గా చెప్పేశారో అని ఒళ్ళు మండిపోయింది.

ఆ మనిషి మాకు బందరులో రెండిళ్ళ అవతల ఉండేది. చుట్టం కాదు. ఆమె నన్ను వదినా అనేది, నేనూ ఆమెను వదినా అనేదాన్ని. కుట్టుమిషను ఆమెకు ఆధారం, ఆమె భర్త చేపల వ్యాను నడిపేవాడు. మా చర్చిలో పాట ఎత్తుకునేది వదినే. ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి పాడగలరో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. వాళ్ళకు ఒకతే ఆడపిల్ల, నాలుగేళ్ళది. దానికి ఫిట్స్ వచ్చేవి. విజయవాడలో మంచి డాక్టరుకు చూపించింది నేనే, మందులు వేళకి వేస్తోందో లేదో చూసింది నేనే. అయినా నెలకి రెండుసార్లన్నా పిల్ల కళ్ళు తేలేసేది.

ఒక మధ్యాహ్నం వదిన పిల్లను చంకనేసుకుని మా వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పిల్ల గౌను పైకెత్తింది. నడుముకి నల్లతాడు, దానికో చిన్న రాగి తాయెత్తు.

మా వీధికి చేపల గంప ఎత్తుకొచ్చే ఆవిడది పాలకాయతిప్ప దగ్గర ఊరు. పిల్లకి ఫిట్స్ రావడం ఆవిడ కళ్ళారా చూసిందట. మా ఊరి అమ్మవారి దగ్గర తాడు కట్టిద్దాం రా అమ్మా అందట. వదిన వెళ్ళింది. ఏటి నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసే చోట పిల్లకి స్నానం చేయించి, తాడు కట్టించుకుని వచ్చింది.

"దేవుడికి కోపం వస్తుందంటావా వదినా?" అని అడిగింది. "మందులు వేస్తన్నాను. ప్రార్థన చేస్తన్నాను. అయినా మొన్న నా చేతుల్లోనే కొట్టుకుంది. ఇంక నాకు చేతకాక వెళ్ళాను. ఎవరికీ చెప్పకు."

"చెప్పను. నీకోసం ప్రార్థన చేస్తాను" అన్నాను. రెండూ మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆసుపత్రిలో ఒకరి జబ్బు సంగతి ఇంకొకరి చెవిన వేయకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఆ గీత దాటలేదు. ఎంతోమంది ఆడవాళ్ళు భర్తలకు కూడా చెప్పుకోనివి నాతో చెప్పుకున్నారు, అవన్నీ నాలోనే ఉండిపోయాయి. నేను నోరు జారింది ప్రార్థనలో.

మంగళవారం స్త్రీల ఉపవాస కూడిక. మొదట ప్రెసిడెంటమ్మగారు "ప్రార్థన అంశాలు చెప్పండమ్మా" అంటారు. ఒకరు కొడుకు ఉద్యోగం, ఒకరు మోకాళ్ళ నొప్పులు, ఒకరు స్థలం తగాదా. నా వంతు వచ్చింది. "మన మధ్యలో ఒక సహోదరి ఉంది. బిడ్డ జబ్బు వల్ల విశ్వాసంలో జారిపోయి, బిడ్డ ఒంటి మీద తాడు కట్టించింది. పేరు అడగకండి, ప్రార్థన చేయండి" అన్నాను. పేరెందుకు? మా సంఘంలో జబ్బు పిల్ల ఉన్న తల్లి ఒక్కతే. అప్పుడు నా గొంతు ఎంత మెత్తగా ఉందో నాకింకా గుర్తుంది. నిజం చెప్పాలంటే ఎవరికీ తెలియనిది నాకు తెలుసన్న సంబరం కూడా ఉంది అందులో. అందరూ కళ్ళు మూసుకుని "అయ్యో ప్రభువా" అన్నారు. అప్పుడే సగంమంది కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ప్రార్థన అంశం అని ముందు ఒక మాట తగిలిస్తే మా ఆడవాళ్ళలో ఎవరి గుట్టయినా చెప్పెయ్యొచ్చు. చెప్పినదానికి పుణ్యం కూడా.

ఆ వచ్చిన ఆదివారమే బల్ల. వదిన తెల్లచీర కట్టుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని నాకు రెండు వరసల ముందు కూర్చుంది. పళ్ళెం ఆమె దాకా వచ్చేసరికి సంఘపెద్ద దాన్ని ఆమె తల మీదుగా అవతలి మనిషికి అందించాడు. ఆమె చెయ్యి అప్పటికే చాపింది. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక పిల్ల జుట్టు సవరించింది. ఆరాధన అయ్యాక వరండాలో ఆమెను నిలబెట్టి, ఆర్నెల్లు బల్లకు దూరంగా ఉండాలని చెప్పారు. అక్కడే పిల్ల నడుముకున్న తాడు తెంపేశారు. పిల్ల ఏడ్చింది. వదిన ఏడవలేదు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి దివిసీమ వైపు వెళ్ళిపోయారు.

తర్వాత మా చర్చిలో పాట ఎత్తుకునే పని తిరిగి తిరిగి నాకు వచ్చింది. నేను ఎప్పుడూ హెచ్చులో ఎత్తుకుంటాను. రెండో చరణానికి మగవాళ్ళు ఆగిపోతారు, మూడో చరణానికి నేనూ ఆగిపోతాను. వదిన లేదని అలా ఆదివారం ఆదివారం అందరికీ తెలిసేది, ఎవరూ అనేవాళ్ళు కాదు.

క్షమాపణ మీద నేను వినని ప్రసంగం లేదు. పశ్చాత్తాపపడిన వాళ్ళ పాపాల్ని దేవుడు సముద్రంలో పారేస్తాడని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా నాకు లోపల చిరాకు. మేం బందరు వాళ్ళం, మాకు తెలీదా సముద్రం సంగతి? ఏది పారేసినా మర్నాటికి ఒడ్డుకి తెచ్చి పెడుతుంది. ఎన్నిసార్లు మోకాళ్ళ మీద పడి చెప్పుకున్నానో. దేవుడు క్షమించాడనే నమ్మాను. కానీ క్షమించమని నేను అడిగిన చోటు వేరు, అడగాల్సిన చోటు వేరు. ఈ సంగతి తెలిసీ అటువైపు బస్సెక్కలేదు. వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో తెలీదని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా కనుక్కోవాలనుకుంటే చల్లపల్లిలో దిగి చేపల వ్యాన్ల వాళ్ళని నలుగురిని అడిగితే చాలు.

పోయిన శ్రావణంలో గుడివాడలో, గర్భిణులను చూసే రోజున ఒక అమ్మాయి వచ్చింది. తొలిచూలు. కార్డు రాస్తూ మామూలుగా అడిగేవే అడిగాను.

"వయసు?"

"ఇరవై మూడండి."

"చిన్నప్పుడేమన్నా పెద్ద జబ్బులు చేశాయా?"

"ఫిట్స్ వచ్చేయంటండి. తొమ్మిదో ఏట ఆగిపోయాయి. మందులు కూడా ఆపేశారు."

"పుట్టింది ఎక్కడ?"

"బందరండి."

పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అడిగాక నా పెన్ను ఆగిపోయింది. తల ఎత్తి చూశాను. చెవులు అచ్చు వదినవే. బి.పి. చూడటానికి పట్టీ రెండుసార్లు తిరగేసి చుట్టాను, "మీకు ఒంట్లో బాగోలేదా మేడమ్?" అని ఆ అమ్మాయే అడిగింది. కార్డు మీద తల్లిగారి ఊరు కూడా ఉంది. కోడూరు దాటాక, సముద్రం దారిలో. ఆ ఊరు చదివి మర్నాడే బస్సెక్కెయ్యొచ్చు. కానీ ఆసుపత్రి కార్డు మీద రాసింది నా సొంతానికి వాడుకోవడం ఏమిటి? ఒకసారి చేసిన పనే ఇంకో దారిలో చేసినట్టవదా? అందుకని ఆ అమ్మాయితో చెప్పాను, బందరులో మీ ఇంటికి దగ్గర్లో ఉండేదాన్నని. "మీ అమ్మని అడిగి చెప్పమ్మా, నేను రావచ్చా అని. వద్దంటే వద్దని చెప్పు, ఏమీ అనుకోను" అని నా నంబరు రాసిచ్చాను.

ఏమీ అనుకోననడం అబద్ధం. తొమ్మిది రోజులు ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగాను. చార్జింగు పెట్టి, అక్కడే నిలబడేదాన్ని. కూర మాడింది, పాలు పొంగాయి. పదో రోజున అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ రమ్మందండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా రమ్మంది" అని చెప్పింది. ఆదివారం ఎందుకు వద్దందో ఆలోచిస్తూ ఇంకో రెండు రోజులు పాడుచేసుకున్నాను.

చల్లపల్లిలో బస్సు ఆగినప్పుడు దిగిపోదామనిపించింది. అవనిగడ్డలో అనిపించింది. కోడూరులో దిగి ఆటో ఎక్కాక ఇక దిగే చోటు లేదు. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, తర్వాత వలలు ఆరేసిన ఊళ్ళు, ఎండుచేపల వాసన. రేకుల ఇంటి ముందు వరండాలో కుట్టుమిషను, మిషను వెనక వదిన. లావెక్కింది, కళ్ళజోడు పెట్టుకుంది. మిషను ఆపలేదు. "కూర్చో వదినా, ఈ ఒక్క జాకెట్టు అయిపోనీ" అంది.

ఆ జాకెట్టు అయ్యేదాకా కూర్చున్నాను. బస్సులో తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి. "ఆ మంగళవారం కూడికలో నేనే చెప్పాను వదినా. నన్ను క్షమించు" అన్నాను. ఇంకేమీ రాలేదు, ఏడుపు వచ్చింది.

"నువ్వేనని తెలుసు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదుగా" అంది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ముందు తాగు."

ఆ మధ్యాహ్నమంతా మాట్లాడింది. ఈ ఇల్లు చూపించింది ఆ చేపలావిడేనట. "ఇంకో తాడు కట్టిస్తానంది, నేనే వద్దన్నాను. నాకు తాడు మీద గురి అని కాదు వదినా అప్పుడు. ఆవిడ గంప పక్కన పెట్టి, ఆ రోజు బేరం మానుకుని, నాతో పాటు బస్సెక్కి వచ్చింది. మీరంతా ప్రార్థన చేస్తామన్నారు." కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

"ఇప్పుడు చర్చికి వెళ్తున్నావా?" అని భయపడుతూ అడిగాను.

"వెళ్ళక? ఇక్కడ పదిహేను మందిమి ఉన్నాం, పాకలో కలుస్తాం. అవనిగడ్డ నుంచి పాస్టరుగారు వస్తారు. ఆదివారమంతా దానికే సరిపోద్ది, అందుకే రావద్దన్నాను."

"బల్ల తీసుకుంటున్నావా?"

"ఎందుకు తీసుకోను? ఆర్నెల్లన్నారుగా. ఆర్నెల్లు ఆగాను, తీసుకున్నాను." నా ముఖం చూసి ఆగింది. "నువ్వు తీసుకోవట్లేదా?"

పంతొమ్మిదేళ్ళు అని చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసి, పకపకా నవ్వింది. "ఆపమంది నన్నయితే, నువ్వు ఆగావా?" అంది. నాకు చచ్చేంత సిగ్గేసింది, నవ్వు కూడా వచ్చింది.

వచ్చేటప్పుడు ఇంకో మాట అన్నాను. రిటైరవుతున్నాను కదా, మా సంఘం ముందు నా తప్పు ఒప్పుకుంటాను, సాక్ష్యంగా రాస్తాను కూడా అని. వదిన నవ్వు ఆగిపోయింది. "సంఘం ముందు నా సంగతి ఎత్తొద్దు. రాస్తే రాసుకో. కానీ ముందు నాకు చదివి వినిపించు. పోయినసారి నన్ను అడక్కుండా దేవుడికి చెప్పావు."

రాశాను. మీరు ఇంతవరకు చదివింది అదే. నెల తర్వాత కాగితాలు పట్టుకుని మళ్ళీ అదే వరండాలో కూర్చున్నాను. వదిన చీరకి ఫాల్ కుడుతూ విన్నది. పాట ఎత్తుకునే చోట "హెచ్చులో ఎత్తుకుంటావా, ఇప్పటికీనా?" అని ఎగతాళి చేసింది. పళ్ళెం తల మీదుగా వెళ్ళిన చోట సూది ఆపి, మళ్ళీ కుట్టింది. అంతా అయ్యాక కాగితాలు మడుస్తుంటే అడిగింది.

"కత్తెర ఏదీ వదినా?"

మిషను మీద కత్తెర కోసం వెతికాను. "అది కాదు" అంది. "నువ్వు రాసిందాంట్లో కత్తెర ఏదీ?"

కాగితాలు నా ఒళ్ళోంచి జారిపోయాయి.

ఆ ఆదివారం వరండాలో తాడు ముడి ఎవరి గోళ్ళకూ రాలేదు. తడిసి బిగుసుకుపోయింది. "కత్తెర ఉందా ఎవరి దగ్గరన్నా?" అని ప్రెసిడెంటమ్మగారు అడిగారు. కట్లు కత్తిరించే కత్తెర నా హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. అందరూ నా వైపు చూశారు. నేను ఇచ్చి ఊరుకోలేదు. పిల్ల ఒంటికి తగలకుండా కత్తిరించడం నర్సుకే చేతనవుతుందని వాళ్ళంటే, నేనే కూర్చుని, పిల్ల నడుము పట్టుకుని, వేలు అడ్డుపెట్టి, జాగ్రత్తగా కత్తిరించాను. పిల్ల నన్ను "అత్తా, అత్తా" అంటూ ఏడ్చింది. నేను వదిన ముఖం చూడలేదు. వదిన నా ముఖం చూసింది. ఆ తాయెత్తు నా అరచేతిలోనే పడింది.

దీన్ని నేను మోకాళ్ళ మీద కూడా చెప్పుకోలేదు. కూడికలో నోరు జారాను, క్షమించు తండ్రీ అని వందసార్లు అన్నాను. చిన్న తప్పును ముందు పెట్టుకుని పెద్దదాన్ని దాని వెనక దాచాను. దేవుడి దగ్గర దాచగలిగానని ఎలా అనుకున్నానో.

"అది రాయలేకపోయాను వదినా" అన్నాను. "చెప్పలేకపోయాను కూడా. అప్పుడు వచ్చినప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు నువ్వు..."

"కూడిక సంగతి నాకు ఏడాదికే పోయింది" అంది వదిన, సూదిలో దారం ఎక్కించుకుంటూ. "ఆడవాళ్ళం, అనుకుంటాం. కత్తెర పోవడానికే ఏళ్ళు పట్టింది. నీ మీద ఎంత కోపముండేదో నీకు తెలీదు. పిల్లకి జడ వేస్తున్నా నీ చెయ్యే గుర్తొచ్చేది. ప్రార్థన చేస్తే నోట్లోంచి శాపనార్థాలు వచ్చేవి. ఇదేంటి తండ్రీ, నీ దగ్గరికొచ్చి ఇవా నేను చెప్పేది అని ఏడ్చేదాన్ని. ఒకరోజు చూసుకుంటే లేదు. నేను తీసేసింది కాదు, ఆయనే తీసేశాడు. నువ్వు రాకముందే, అడక్కముందే పోయింది. నువ్వు రావచ్చా అని అమ్మాయి చేత అడిగించిన రోజున ఒకసారి వెతుక్కున్నాను కూడా, ఇంకా ఉందేమోనని."

నేను ఒప్పుకోని తప్పుకి క్షమాపణ ఈ ఊళ్ళో, ఈ రేకుల కింద, ఏనాడో జరిగిపోయింది. నేనేమో దాన్ని బందరులో దాచుకుని కూర్చున్నాను, గుడివాడ బస్సులో మోసుకు తిరిగాను. కృప కృప అని ఇన్నేళ్ళు పాడాను, హెచ్చు శ్రుతిలో. అది నాకంటే ముందే ఇంత దూరం వచ్చేసిందని ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

"కత్తెర సంగతి రాయి. మిగతాది ఉండనీ" అంది వదిన. "వచ్చే ఫస్ట్ సండే ఇక్కడికే వచ్చెయ్యి. తెల్లచీర ఉందా?"

డ్యూటీ చార్టు రాసే సిస్టరు నా మాట విని రెండుసార్లు అడిగింది, "ఫస్ట్ సండే సెలవా? మీకా?" అని. చీర ఎంత ఉతికినా మడతల దగ్గర పసుపు పోలేదు. అదే కట్టుకుని వెళ్ళాను. పాకలో చాపల మీద కూర్చున్నాం. కూతురు కూడా పురిటికి వచ్చి ఉంది, గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. వదిన పాట ఎత్తుకుంది. పంతొమ్మిదేళ్ళ తర్వాత నేను ఒక పాట చివరి చరణం దాకా పాడాను. అయినా పాస్టరుగారి మాటలు ఒక్కటీ వినపడలేదు, తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ కూర్చున్నాను.

అక్కడ పళ్ళెం సంఘపెద్దలు తిప్పరు. ఒకరు తీసుకుని పక్కవాళ్ళకి పట్టుకుంటారు. వదిన తన ముక్క తీసుకుని, పళ్ళెం నా ముందు పట్టుకుంది. నా చెయ్యి లేవలేదు. అదే చెయ్యి. పళ్ళెంలో ముక్కలు చూస్తూ ఉండిపోయాను. అటు పక్కన ఆ అమ్మాయి మా ఇద్దరి వంకా చూస్తోంది. దానికి ఏమీ గుర్తులేదు.

"తీసుకో వదినా" అంది వదిన మెల్లగా, "పిల్లకి కూడా అందాలిగా."

తీసుకున్నాను. పళ్ళెం వదిన చేతిలోంచి అందుకుని, పిల్లకి పట్టుకున్నాను.